పండగ నెల వంటిల్లు, కార్డు బాకీ

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మావారిది ప్రైవేటు ఉద్యోగం, చేతికొచ్చేది నెలకు 42,000. ఇద్దరు పిల్లలు. డిసెంబరు మధ్య నుంచి కనుమ దాకా మా ఇంట్లో చుట్టాలు తెగరు. ఈసారి చిన్నమ్మ వాళ్లు ఐదుగురు మూడు రోజులు, మావారి స్నేహితుడి కుటుంబం ఆరుగురు రెండు రోజులు కొండకొస్తున్నారు. పండక్కి ఆడబిడ్డ వాళ్లు నలుగురు ఐదు రోజులుంటారు. పోయిన ఏడాది ఆ నెల ఖర్చంతా క్రెడిట్ కార్డు మీదే నడిచింది, 31,000 తేలింది, అందులో బట్టలకే 8,000. ఫిబ్రవరి నుంచి నెలకు 2,000 చొప్పున తొమ్మిది నెలలు కట్టినా ఇంకా 21,600 బాకీ చూపిస్తోంది. బ్యాంకులో నెలకు 1,500 చొప్పున ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) 22 నెలలుగా కడుతున్నాను. అది పిల్లల కోసమని ముట్టుకోలేదు. ఈసారి పిండివంటలు చేయడం మానేసి కొంచెం కొనేస్తే ఖర్చు తగ్గుతుందా? అంగట్లో అరిసెలు కిలో 420, మురుకులు 320 అంటున్నారు. మేము కొనే సరుకుల ధరలు కూడా రాసి పంపుతున్నాను. మా వీధి కొట్టువాళ్లు నెలకు వెయ్యి చొప్పున పన్నెండు నెలలు పండగ చీటీ కడితే వచ్చే సంక్రాంతికి 13,500 విలువైన సరుకులిస్తామంటున్నారు, చేరవచ్చా?

జవాబు: మీరు పిండివంటల గురించి అడిగారు. అయితే ముందు కార్డు సంగతి తేలాలి, ఎందుకంటే అది తేలకుండా ఈ డిసెంబరులో ఏ లెక్క వేసినా నిలవదు.

మీరు ఇప్పటిదాకా కట్టింది 18,000. బాకీ తగ్గింది 9,400 మాత్రమే. మిగతా 8,600 వడ్డీ కింద పోయింది. మీ కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం, ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే నెలకు 4.13 శాతం, ఏడాదికి దాదాపు 50. మీ ఆర్‌డీకి వచ్చేది ఏడాదికి ఆరు, ఆరున్నర. ఒక చేత్తో ఆరు తీసుకుంటూ ఇంకో చేత్తో యాభై ఇస్తున్నారన్నమాట. పిల్లల కోసమని దాచిన డబ్బును ఆ కార్డే లోపల్లోపల తినేస్తోంది. అందుకే ఈ వారమే ఆర్‌డీ మూసేయండి. గడువుకు ముందు మూస్తే వడ్డీలో సాధారణంగా ఒక శాతం దాకా కోస్తారు. అది పోయినా 33,000 అసలు మీద వడ్డీతో కలిపి మీకు సుమారు 34,700 రావాలి. అందులోంచి 21,600 కట్టేస్తే చేతిలో 13,100 మిగులుతుంది.

ఇక్కడ చాలామంది ఒక దగ్గర తడబడతారు. బాకీ మొత్తం తీర్చాక కూడా వచ్చే నెల బిల్లులో కొన్ని వందలు వడ్డీ కనిపిస్తుంది. బిల్లు తయారైన రోజుకూ మీరు కట్టిన రోజుకూ మధ్య రోజులకు పడిన వడ్డీ అది. పొరపాటు అనుకుని వదిలేస్తే ఆలస్య రుసుం మొదలవుతుంది. ఆ కొన్ని వందలూ కట్టి, బాకీ సున్నా అని చూసుకున్నాకే కార్డు మళ్లీ బయటికి తీయండి. పాత బాకీ ఒక్క వెయ్యి మిగిలి ఉన్నా, కొత్తగా కొన్న ప్రతి వస్తువుకూ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. బిల్లు గడువు దాకా వడ్డీ లేదనే వెసులుబాటు బాకీ ఉన్నవాళ్లకు వర్తించదు. ఈ ఏడాది మార్చిలోనో ఏప్రిల్‌లోనో మీరు అదే కార్డు మీద సరుకులు తెచ్చుకుని ఉంటే, ఆ కందిపప్పుకు కూడా వడ్డీ కట్టి ఉంటారు.

ఇక వంటింటికి వద్దాం. కొనడం చవకా, చేసుకోవడం చవకా?

అరిసెలకు కిలో బియ్యం, ముప్పావు కిలో బెల్లం, 50 గ్రాముల నువ్వులు, 50 గ్రాముల నెయ్యి. వేయించడానికి ముప్పావు లీటరు నూనె పోసినా అరిసెలు పీల్చుకునేది 300 మిల్లీలీటర్ల చుట్టూ ఉంటుంది. మీ లేఖలోని ధరలు కట్టగా బియ్యం 56, బెల్లం 45, నువ్వులు 10, నెయ్యి 33, నూనె 45, మర కూలి 20, గ్యాస్ 19. మొత్తం 228. రెండు కిలోల అరిసెలొస్తాయి, అంటే కిలో 115. అంగడి ధర 420. మురుకులకైతే కిలో బియ్యప్పిండికి పావు కిలో పుట్నాల పిండి, 50 గ్రాముల వెన్న, వాము, నువ్వులు. అన్నీ కలిపి 217. కిలోన్నర దిగుతాయి కాబట్టి కిలో 145 పడుతుంది. ఈ రెండూ కొనకండి. కజ్జికాయలు మాత్రం ఒక్కరే కూర్చుని చేస్తే పూట మొత్తం పోతుంది, ఆడబిడ్డ వచ్చాక ఇద్దరూ కలిసి ఒక కిలో చేసుకోండి. ఓళిగలు (బొబ్బట్లు) ఏ రోజుకారోజు చేసుకునేవే.

అయితే ఈ 115 రూపాయల అరిసె సరిగ్గా కుదిరితేనే 115. పాకం చెడితే నూనె, బెల్లం, రోజు మూడూ పోయి, చివరికి అంగట్లో కిలో కొనుక్కురావాల్సి వస్తుంది. బియ్యం ఒక రోజంతా నానాలి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చాలి. నీళ్లు వంచి, బట్ట మీద కాసేపు ఆరబెట్టి, చేత్తో పట్టుకుంటే చెమ్మ తగులుతున్నప్పుడే మరకు ఇవ్వాలి. పొడిగా ఆరిన పిండి పాకాన్ని పట్టుకోదు. పాకం చుక్క నీళ్లలో వేస్తే వేళ్ల మధ్య మెత్తని ఉండ కట్టాలి. ఉండ కట్టకముందే పిండి కలిపితే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరిపోతే మర్నాటికి గట్టిపడుతుంది. అందుకే ముందు ఒకే ఒక్కటి వేసి చూడండి. విచ్చిపోతే పిండి మూతపెట్టి కొన్ని గంటలు పక్కన పెట్టండి, లేదా మిగిలిన తడిపిండి ఒక గుప్పెడు కలపండి. అంచులు పగులుతుంటే కాచిన పాలు చెంచాడు చిలకరించి మర్దించండి.

నూనె దగ్గర ఇంకో వంద, నూటయాభై మిగులుతుంది. మురుకులు ముందు, తర్వాత కజ్జికాయలు, చివరికి అరిసెలు వేయించండి. బెల్లం తగిలిన నూనె నల్లబడుతుంది. అరిసెలతో మొదలుపెడితే మురుకులకు మళ్లీ కొత్త ప్యాకెట్ కత్తిరించాలి. మురుకుల నూనె బాగా కాగకముందే వేస్తే అవి నూనె తాగుతాయి. వెన్న ఎక్కువైనా అంతే, చక్రం విరిగి నూనె లాగుతుంది.

ఇంత చేసినా పిండివంటల ఖర్చంతా కలిపి 1,700 దాటదు, అదీ బాణలిలో మిగిలే నూనెతో సహా. అంటే పోయిన ఏడాది 31,000 వీటివల్ల కాలేదు. పిండివంటలు మానుకుంటే పండగ కళ పోతుంది, బాకీ తగ్గదు.

చుట్టాల భోజనాలవల్ల అయిందా అంటే, అదీ కాదు. పూటల లెక్క వేద్దాం. మీ ధరల్లో ఇంటి భోజనం ఒక విస్తరికి దాదాపు 40: బియ్యం 150 గ్రాములు, పప్పు, ఒక కూర, చారు, పెరుగు, గ్యాస్. రాత్రి కాస్త తేలికగా 32, పొద్దున ఇడ్లీ పచ్చడి 20, రెండు కాఫీలు 18. మనిషికి రోజుకు 110. చిన్నమ్మ వాళ్లది 15 మనిషి-రోజులు, స్నేహితుడి కుటుంబానిది 12, ఆడబిడ్డ వాళ్లది 20. మొత్తం 47, అంటే 5,170. కొండకెళ్లిన పదకొండు మందికీ ఆ రోజు మధ్యాహ్నం తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో భోజనం అవుతుంది. ఆ పూట 440 తీసేయండి. సుమారు 4,700.

డబ్బు జారిపోయేది ఈ లెక్కలోకి రాని పూటల్లో. బస్సు దిగి రాత్రి పదింటికి ఐదుగురు ఆకలితో వస్తారు, ఇంట్లో ఏమీ ఉండదు, హోటల్‌కు వెళ్తే 500 అవుతుంది. ఇంట్లో ఆ ఐదుగురికి రోజంతా పెట్టే ఖర్చు 550. చలికి పిండి పొంగక పొద్దున్నే టిఫిన్ పార్సిళ్లు తేవడం కూడా ఇదే బాపతు. వీటికి రెండు ఏర్పాట్లు చాలు. డిసెంబరు మొదట్లోనే పులిహోర పులుసు కాచి ఫ్రిజ్‌లో పెట్టండి. కిలో బియ్యానికి 100 గ్రాముల చింతపండు లెక్క, తడి చెంచా తగలకుంటే నెల నిలుస్తుంది. అన్నం వండే ఇరవై నిమిషాల్లో భోజనం సిద్ధం. ఇడ్లీకి నాలుగు గ్లాసుల ఉప్పుడు బియ్యం, ఒక గ్లాసు మినపప్పు, చెంచా మెంతులు. ఎండాకాలంలోలా రాత్రి ఎనిమిదికి కాకుండా సాయంత్రం నాలుగింటికే రుబ్బి, పొయ్యి పక్కన వెచ్చగా పెట్టండి. దాదాపు 50 ఇడ్లీలొస్తాయి.

ఈ నెల అనపకాయల కాలం కూడా. పితికిపప్పు (నానిన అనప గింజల తొక్క పితికి తీసిన పప్పు) లేకుండా మనవైపు సంక్రాంతి వంట ఉండదు కాబట్టి చిన్న లెక్క: ఒకసారి కిలో కాయలు ఒలిచి గింజ తూకం వేయండి. మూడో వంతు దిగిందనుకుంటే, 60 రూపాయల కాయల్లో గింజ ధర కిలో 180 పడ్డట్టు. అప్పుడు ఒలిచిన గింజలు 160కి అమ్మేవాళ్ల దగ్గర కొనడమే మేలు. గింజలు రాత్రి నానబెడితే పొద్దున పితకడం సులువు. పితికిపప్పు కూర, సంగటి చేసిన పూట వేరే కూర అక్కర్లేదు.

గ్యాస్ ముందే చూసుకోండి. పెద్ద బర్నరు పూర్తి మంట మీద గంటకు సుమారు 200 గ్రాములు తాగుతుంది. పిండివంటల రెండు రోజుల్లో కిలో, కిలోన్నర పోతుంది, చుట్టాల వంట అదనం. 14.2 కిలోల సిలిండర్ ఒకటి నిండుగా పక్కనుండాలి. రైస్ కార్డు ఉంటే, ఉచిత సిలిండర్ల దీపం పథకంలో డిసెంబరు నుంచి మార్చి దాకా ఉన్న విడత సిలిండర్‌ను డిసెంబరు రాగానే బుక్ చేయండి.

ఇప్పుడు మొత్తం చూద్దాం. చుట్టాల భోజనాలు 4,700, పిండివంటలు 1,700, కనుమ నాడు నాటుకోడి 1,800, ఆటోలు 2,500, ఆడబిడ్డకు చీర, సారె 3,000, సిలిండర్ 900, అనుకోని ఖర్చుకు 1,500. ఇవి 16,100. పోయిన ఏడాది బట్టలకు 8,000 అయిందని రాశారు. అది కలిపితే 24,100. మీ చేతిలో ఉండేది: ఆర్‌డీలో మిగిలిన 13,100, కార్డుకు కట్టే 2,000 రెండు నెలలది 4,000, ఆగిపోయిన ఆర్‌డీ వాయిదాలు 3,000. మొత్తం 20,100. తేడా 4,000. దాన్ని బట్టల్లోంచే తీయండి. పిల్లలకు పండక్కి కొని, మీ ఇద్దరివీ ఉగాదికి వాయిదా వేసుకోండి. భోజనాల్లో మాత్రం కోత పెట్టవద్దు. ఇంటికొచ్చినవాళ్ల దగ్గర విస్తరి తగ్గించి మిగిల్చేది వందల్లో ఉంటుంది, ఆ మాట ఏళ్ల తరబడి ఉంటుంది.

చిన్నమ్మ వాళ్లకు, మీవారి స్నేహితుడికి ఈ వారమే ఫోన్ చేసి దర్శనం టికెట్ తేదీ అడగండి. ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెలల ముందే తీసుకుంటారు కాబట్టి తేదీ చెప్పగలరు. రెండు కుటుంబాలూ ఒకే రోజు దిగితే పాలు, కూరగాయలు హడావుడిగా ఎక్కువ ధరకు కొనాల్సి వస్తుంది.

పండగ చీటీ విషయం. పన్నెండు నెలలు వెయ్యి చొప్పున కడితే 13,500 విలువైన సరుకులిస్తామన్నారని రాశారు. ఆ సరుకుల పట్టిక అడిగి తీసుకుని, ప్యాకెట్ మీద అచ్చు వేసిన ధర పక్కన అదే సరుకు మీరు మామూలుగా కొనే ధర రాయండి. 185 అని అచ్చు వేసిన నూనె ప్యాకెట్‌ను మీరు 150కి తెచ్చుకుంటున్నారు. అలా కూడితే వచ్చిన మొత్తాన్ని 12,420తో పోల్చండి. అదే వెయ్యి ఆరున్నర శాతం ఆర్‌డీలో వేస్తే పన్నెండు నెలలకు మీకొచ్చేది అంత. సరుకుల అసలు ధర అంతకు తక్కువైతే అక్కడితో ఆ మాట ముగిసినట్టే. ఎక్కువైనా నేను చేరమని చెప్పను. పేరుకు చీటీయే గానీ ఇందులో పాట ఉండదు, చిట్ల రిజిస్ట్రారు దగ్గర నమోదు ఉండదు. ఒక నెల తప్పితే ఏం కోస్తారో కాగితం మీద ఉండదు. డిసెంబరులో కొట్టు మూతపడితే మీ చేతిలో మిగిలేది సంతకాల కార్డు ఒక్కటే.

దాని బదులు ఫిబ్రవరిలో పది నెలల ఆర్‌డీ కొత్తగా తెరవండి, నెలకు 1,800. డిసెంబరు మొదట్లో 18,000 పైన చేతికొస్తుంది. కార్డుకు, పాత ఆర్‌డీకి కలిపి మీరు ఇన్నాళ్లూ నెలకు 3,500 తీస్తూనే ఉన్నారు కాబట్టి ఇది కొత్త భారం కాదు. మిగతా 1,700 పిల్లల పేర వేరే ఆర్‌డీలో వేయండి, ఆ రెండో పుస్తకాన్ని పండగ పుస్తకంతో కలపకండి.