పాట గురించి రాసే అమ్మాయికి

కోడంబాక్కం, చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మాయ్, నీ వ్యాసమూ దానికి జతచేసిన ఉత్తరమూ రెండూ చదివాను. వ్యాసం కంటే ఉత్తరం బాగుంది. నేను చెప్పదలచుకున్నదంతా ఆ తేడాలోనే ఉంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఉత్తరంలో అన్నాసాలై మీది థియేటర్ ఉంది, 'నాటు నాటు' పాట మొదలవగానే సీట్లోంచి లేచిపోయిన మీ చెల్లెలు ఉంది, "వాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వినప్పుడు నాకు ఎందుకో ఏడుపొచ్చింది" అన్న వాక్యం ఉంది. వ్యాసంలో వలసవాదం, ప్రతిఘటన, పురుషత్వ నిర్మాణం ఉన్నాయి. ఏడుపు లేదు. చెల్లెలు లేదు. అసలు పాటే లేదు.

సాహిత్యం చదువుకుంటూ సినిమా పాటల మీద రాయడం చిన్నతనమా అని అడిగావు. కాదమ్మా. నువ్వున్న ఊరే దానికి జవాబు. కొడవటిగంటి కుటుంబరావు ఈ ఊళ్ళోనే ఏళ్ళ తరబడి 'చందమామ' పని చూస్తూ, కథలు రాస్తూ, సినిమా గురించి కూడా గట్టిగా, శ్రద్ధగా రాశారు. ముళ్ళపూడి వెంకటరమణ ఆంధ్రపత్రిక వారపత్రికలో సినిమా సమీక్షలు రాసిన రోజులున్నాయి. తెలుగు సాహిత్య చరిత్రను సంపుటాలకు సంపుటాలు రాసిన ఆరుద్ర అదే చేత్తో సినిమా పాటలూ రాశారు. తెలుగులో డబ్బింగ్ సినిమాలు మొదలైన 1950లో ఆ కొత్త పనికి కలం పట్టింది శ్రీశ్రీ. కాబట్టి ఎవరైనా "ఇదేం సబ్జెక్టమ్మా" అంటే తగ్గకు. ఎవరిని ఎలా ప్రేమించాలో, కోపం వస్తే ఎలా నిలబడాలో, పెళ్ళిలో ఏ పాటకు ఆడాలో కోట్లమంది నేర్చుకుంటున్న చోటు అది. దాన్ని పట్టించుకోకుండా మన కాలం గురించి ఏం రాస్తాం?

ఇక వ్యాసం సంగతి. ఆస్కార్ వచ్చిన పాట మీద రాశావు. 'ఆర్ఆర్ఆర్' 2022లో వచ్చింది, 2023లో ఆ పాటకు అవార్డు వచ్చింది. అప్పటినుంచి దాని మీద వచ్చిన రాతల్లో చాలా భాగం నీ వ్యాసంలాగే ఉన్నాయి. తెల్లవాళ్ళ దొరతనం ముందు నాటు ఆట గెలిచింది, అదే పాట అర్థం అని తేల్చేశారు. తప్పని అనను. కానీ పాట అక్కడ ఆగదు కదా! మళ్ళీ ఒకసారి చూడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కళ్ళే అలిసి కూలబడిపోతారు. చివరికి మిగిలేది ఇద్దరు స్నేహితులే. గెలుపు అప్పటికే అయిపోయింది. అయినా పాట నడుస్తుంది. ఎందుకు? జెన్నీ అనే తెల్లమ్మాయి కళ్ళు భీమ్ మీద ఉన్నాయని రామ్ గమనిస్తాడు, గమనించి కావాలని పడిపోతాడు. ఓడిపోవడాన్ని కానుకగా ఇస్తాడు. అప్పటికి ఒకరి అసలు సంగతి ఇంకొకరికి తెలియదు. ఒకడు దాక్కున్నవాడు, రెండోవాడు అతన్ని వెతుకుతున్న పోలీసు. తర్వాత కథంతా ఎవరు ఎవరికోసం ఏం వదులుకుంటారన్నదే. దానికి మొదటి మెట్టు ఈ పాటలోనే పడింది. నీకు ఏడుపొచ్చింది అందుకే అయ్యుంటుంది. నీ కన్నీళ్ళు సరిగ్గానే చదివాయి, నీ వ్యాసమే పక్కదారి పట్టింది.

అందుకని ముందు చూసింది చూసినట్టు రాయి. అర్థం సంగతి తర్వాత. పాదాలు ఎప్పుడు చూపించారు, ముఖాలు ఎప్పుడు చూపించారు? దుమ్ము ఎక్కడ లేచింది? సస్పెండర్లు, అంటే ప్యాంటుకి తగిలించే భుజం పట్టీలు, పట్టుకుని ఆడే ఆ స్టెప్పులో ఇద్దరి కాళ్ళూ ఒకే క్షణంలో లేవాలని ఎన్నో టేకులు తీశారని ఆ నటులే చెప్పారు. అంత పట్టుదల దేనికి? ఇద్దరు మనుషులు ఒకే శరీరంలా కనబడాలి, తర్వాత విడిపోతే నొప్పి తెలియాలి. చంద్రబోస్ మాటల్లో జొన్నరొట్టె, మిరప తొక్కు, జాతర లాంటి ఊరి వస్తువులే ఎందుకు వరసగా వస్తాయి? కీరవాణి కట్టిన ఆ దరువు మీద గుక్క తిప్పుకోనివ్వకుండా అవి ఎలా కూర్చున్నాయి? తెరమీద అది ఢిల్లీ. నిజానికి ఆ మేడ కీవ్‌లో ఉంది, ఉక్రెయిన్ అధ్యక్షుడి ప్యాలెస్. 2021లో అక్కడ షూటింగ్ చేశారు. సినిమా విడుదలయ్యే నాటికి ఆ దేశం మీద యుద్ధం మొదలై నెల అయింది. ఇది నీ వ్యాసంలో పట్టకపోవచ్చు. కానీ తెలిసి వదిలేయడం వేరు, తెలియక వదిలేయడం వేరు.

దీనికి ఒక పద్ధతి ఉంది, నేను ఇప్పటికీ చేస్తాను. మొదటిసారి మామూలు ప్రేక్షకురాలిగా చూడు, నోట్‌బుక్ బ్యాగులోనే ఉండనీ. రెండోసారి సౌండ్ తీసేసి చూడు. మూడోసారి బొమ్మ చూడకుండా విను. సౌండ్ లేకుండా చూస్తే ఎవరి ముఖం మీద కెమెరా ఎంతసేపు నిలబడిందో తెలుస్తుంది. బొమ్మ లేకుండా వింటే నీకు నచ్చింది పాటా, హీరోనా అన్నది తెలుస్తుంది. ఇలా విడదీసి చూస్తే ఇష్టం పోతుందేమోనని భయపడుతున్నావు. కొన్నిటి మీద పోతుంది, పోనీ. నిలబడినవి మాత్రం ఇంకా గట్టిపడతాయి. సంగీతం నేర్చుకున్నవాళ్ళకు పాట వినడంలో ఆనందం తగ్గడం ఎక్కడైనా చూశావా?

ఇష్టంతో పాటు కోపాన్నీ దాచకు. వెంటపడి వేధించడాన్ని ప్రేమగా చూపించిన పాటలు మనకు బోలెడున్నాయి. అందులో కొన్నిటి బాణీలు నీకు నోటికి వచ్చు, నాకూ వచ్చు. నచ్చిన పాటను తిట్టాల్సి వస్తే ఇబ్బందిగా ఉంటుందని రాశావు. ఆ ఇబ్బందినే కాగితం మీద పెట్టు. "స్త్రీని వస్తువుగా చూపించారు" అన్న ఒక్క వాక్యంతో తప్పించుకోకు, ఆ మాట విని విని జనానికి చెవులు మొద్దుబారాయి. ఆమె వద్దన్నప్పుడు కెమెరా ఎవరి ముఖం మీద ఉందో రాయి. ఆ క్షణంలో వాయిద్యాలు నవ్వుతున్నాయో, ఆగిపోయాయో రాయి. హాల్లో ఎవరు ఈల వేశారు, ఎవరు ఫోన్ తీసి చూసుకున్నారు? పాట ఎంత బాగుందో కూడా అదే పేరాలో ఒప్పుకో. బాగున్నందువల్లే అది ప్రమాదమని చదివేవాళ్ళకు అప్పుడు అర్థమవుతుంది.

వ్యాసంలో ఒకచోట "సామాన్య ప్రేక్షకులు ఆలోచించకుండా ఆమోదిస్తారు" అని రాశావు. ఆ వాక్యం కొట్టెయ్యి. ఆ ప్రేక్షకుల్లో మీ చెల్లెలుంది, నువ్వున్నావు. కటౌట్‌కి పాలు పోసే కుర్రాణ్ణి చూసి నవ్వడం సులువు. వాడితో టీ తాగుతూ అరగంట మాట్లాడితే, ఆ పాల డబ్బులకు ఎవరెవరు చందాలు వేసుకున్నారో, ఏ సినిమాకి పోయకుండా మానేశారో, ఎందుకు మానేశారో చెప్తాడు. నచ్చని సినిమాను రెండో రోజుకే ఖాళీ చేసే జనం ఆలోచించరని ఎలా అంటాం? వాళ్ళ లెక్క వేరు, అంతే. ఆ లెక్క కనుక్కోవడం నీ పని.

వసూళ్ళ అంకెల జోలికి వెళ్తే మాత్రం జాగ్రత్త. గ్రాస్ అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం, షేర్ అంటే పన్నులూ థియేటర్ వాటా పోగా డిస్ట్రిబ్యూటర్‌కి మిగిలేది. పోస్టర్ మీద పడ్డ అంకె ఏదో తెలియకుండా రెండు సినిమాలను పోల్చకు.

సిద్ధాంతాలు వద్దని చెప్పడం లేదు. మీ ప్రొఫెసర్ చెప్పినవి చదువు, బాగా చదువు. వాటితో కొత్తగా ఏదైనా కనబడితే వాడు. పాట చూడకముందే ఏం రాయాలో అవి చెప్పేస్తున్నాయంటే పుస్తకం మూసేయి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట. నువ్వు చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయివి. అది లోటన్నట్టు రాశావు. హైదరాబాద్‌లో ఉంటే సినిమావాళ్ళకు దగ్గరగా ఉండేదాన్ని అన్నావు. నిజమే, పరిశ్రమ అటు వెళ్ళి చాలా ఏళ్ళయింది. జెమినీ స్టూడియో పేరు ఇప్పుడు ఫ్లైఓవర్‌కే మిగిలింది, వడపళనిలో విజయా-వాహినీ ఫ్లోర్లు ఉన్న నేల మీద మాల్ నడుస్తోంది. కానీ నీకు తమిళం చదవడం వచ్చు, తెలుగు ఇంటి భాష. ఒకే సినిమా రెండు భాషల్లోకి ఎలా వెళ్తుందో లోపలి నుంచి చూడగలిగినవాళ్ళు ఎంతమంది ఉన్నారు?

ఉదాహరణకి డబ్బింగ్. తెలుగులో మాటలు రాసేవాళ్ళు ముందు అర్థాన్ని చూడరు, పెదవులను చూస్తారు. క్లోజప్‌లో నటుడి పెదవులు కలిసిన చోట ప, బ, మ లాంటి అక్షరం పడాలి. లేకపోతే మాట ఒకచోట, నోరు ఒకచోట. అదే నటుడు వెనక్కి తిరిగినా, దూరంగా ఉన్నా రచయితకు చేతులు విప్పినట్టే. కాబట్టి డబ్బింగ్ సినిమాలో కొన్ని డైలాగులు వింతగా వినబడితే వెంటనే తిట్టకు, షాట్ ఏంటో చూడు. గొంతు సంగతి మరీ పెద్దది. కమల్‌హాసన్ అంటే తెలుగువాళ్ళలో చాలామంది చెవిలో మోగేది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతు. ఇద్దరు మనుషులు కలిసి ఒక్క పాత్రయితే, మనం ప్రేమించింది ఎవరిని? దీని మీద తెలుగులో నిదానంగా, వివరంగా రాయాల్సింది చాలా మిగిలి ఉంది. నువ్వు రాయగలవు.

పాత కాగితాలు కూడా ఇక్కడే దొరుకుతాయి. ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీ 1896 నుంచి ఉంది. దేశంలో అచ్చయ్యే పుస్తకం, పత్రిక చట్టప్రకారం ఒక ప్రతి చేరాల్సిన నాలుగు లైబ్రరీల్లో అదొకటి. తరమణిలో రోజా ముత్తయ్య పరిశోధనా గ్రంథాలయం ఉంది. ఎక్కువగా తమిళ సేకరణే, అందుకే నీ తమిళం పనికొస్తుందన్నాను. అక్కడ పాత సినిమా పాటల పుస్తకాలు అడిగి చూడు. థియేటర్ బయట అమ్మే ఆ పల్చటి పుస్తకంలో నటీనటుల పేర్లు, పాటలు, సగం కథ ఉండేవి. "మిగతా కథ వెండితెరపై చూడండి" అని ఆపేసేవారు. కథ ఎక్కడ ఆపారన్నది చూడు, జనాన్ని టికెట్ కొనిపించేది ఏదని వాళ్ళు నమ్మారో అక్కడ తెలుస్తుంది. క్యాసెట్లు లేని రోజుల్లో జనం పాటలు నేర్చుకున్నదీ వాటిలోంచే.

నీ తెలుగులో తమిళం వాసన వస్తుందని సంకోచపడ్డావు. వ్యాసంలో నువ్వు తెచ్చిపెట్టుకున్న గ్రాంథికం కంటే ఉత్తరంలోని ఇంటి తెలుగు వెయ్యి రెట్లు నయం. అదే భాషలో రాయి. రాశాక పైకి చదువు. గుక్క ఆగని వాక్యాన్ని రెండు చెయ్యి.

మా వీధిలో డబ్బింగ్ మాటలు రాసే ఒక పెద్దాయన ఉన్నారు. నీ గురించి చెప్పాను, రమ్మన్నారు. పరీక్షలయ్యాక ఏ ఆదివారమైనా పొద్దున్నే రా, తీసుకెళ్తాను. ప్రశ్నలు రాసుకుని రా. ఇష్టమైన సినిమా ఏదని అడగకు, అది ఆయన్ని అందరూ అడుగుతారు. ఏ డైలాగ్ దగ్గర పూటంతా కూర్చుండిపోయారో, చివరికి ఏ మాటతో బయటపడ్డారో అడుగు. తమిళం, తెలుగు రెండూ ఉన్న ఒక సీన్ ఫోన్లో పెట్టుకుని వస్తే, ఆయన ఆపి ఆపి చూపిస్తారు.

ఆశీస్సులతో,
మీ కోడంబాక్కం పెద్దమ్మ