పాత ఆలివ్ తోటలో యంత్రంతో కాయ దించవచ్చా?

చెట్లు తీసివేయకుండానే పాత ఆలివ్ తోటలో యంత్రంతో కాయ దించవచ్చా అని మీరు అడిగారు. దించవచ్చు, కానీ అందులో చాలా పని ఇంకా మనుషుల చేతుల మీదే నడుస్తుంది. స్పెయిన్‌లోని హయేన్ ప్రాంతపు తోటల్లో కోత పనులు చేసిన అనుభవంతో ఈ మాట చెబుతున్నాను.

అక్కడి సంప్రదాయ తోటల్లో చెట్టుకూ చెట్టుకూ 10 నుంచి 12 మీటర్ల ఎడం ఉంటుంది. ప్రతి చెట్టూ మొదట్లోనే రెండు మూడు మానులుగా చీలి పక్కలకు వాలి పెరుగుతుంది. ట్రాక్టరు ముందు అమర్చిన కుదుపు యంత్రం ఒకసారికి ఒక మానునే పట్టుకోగలదు కాబట్టి, డ్రైవరు దానిని కొన్ని సెకన్లు కుదిపి, వదిలి, వెనక్కి వచ్చి, చుట్టూ తిరిగి రెండో మానును పట్టుకోవాలి. కుదుపుకు పట్టేది క్షణాలే. పొద్దంతా ఆ తిరుగుడుకూ, కింద పరచిన పరదాలు ఈడ్వడానికీ పోతుంది. కంచెలా దగ్గరగా నాటిన కొత్త తోటల్లో వరుస మీదుగా నడిచే భారీ యంత్రాలు ఇక్కడ పనికిరావు.

సెకనుకు 20 నుంచి 30 సార్లు కదిలే ఆ కుదుపు నిటారైన గట్టి కొమ్మలకు బాగా అందుతుంది గానీ, వేలాడే సన్నని రెమ్మల దాకా వెళ్లేసరికి నీరసిస్తుంది. యంత్రం ఆగాక తలెత్తి చూస్తే పైకొమ్మలు ఖాళీగానూ, కింద వేలాడే రెమ్మలు కాయతో నిండుగానూ కనిపించేవి. వాటిని మన ఊళ్లలో చింతకాయ దులిపినట్టే గడలతో దులిపేవాళ్లం. ఈ ఏడు పెరిగిన రెమ్మ మీదే వచ్చే ఏటి పూత వస్తుంది కనుక, రెమ్మలు విరిగేలా బాదితే పెద్దవాళ్లు ఊరుకునేవారు కాదు.

కాయ రకాన్ని బట్టి కూడా ఫలితం మారుతుంది. పికువల్ తేలికగా రాలుతుంది, ఓహిబ్లాంకా మొండిది. మంచి నూనె కోసం పచ్చిగా ఉండగానే దించాలనుకుంటే ఏ రకమైనా తొడిమను అంత త్వరగా వదలదు. అలాగని కుదుపు పెంచితే బెరడు లేచిపోతుంది. ఆ గాయాల గుండా బాక్టీరియా చేరి కొమ్మలకు కణుతులు పుట్టిస్తుంది. అందుకే బెరడు మానును గట్టిగా పట్టి ఉండేలా కోతకు కొన్ని రోజుల ముందు నీరు ఆపుతారు.

నా ఉద్దేశంలో యంత్రం కొనేముందు వేలాడే కొమ్మలను ఏటా కొంచెం కొంచెంగా కత్తిరించి, చెట్టును నిటారుగా మలచుకోవాలి. తోట బాగా ఏటవాలుగా ఉంటే మాత్రం ట్రాక్టరు మాట మరచి, కొమ్మకు కొక్కెం తగిలించి కుదిపే చేతి యంత్రాలు చూడండి. వాటిని మోసేవాళ్లను మధ్యమధ్యలో మార్చకపోతే సాయంత్రానికి భుజాలు పట్టేస్తాయి.