ప్రాసిక్యూటర్‌గా మొదలుపెట్టి డిఫెన్స్ లాయర్ కావడం మంచి దారేనా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి లా స్కూల్ రెండో సంవత్సరం. కార్పొరేట్ లా వైపు వెళ్తుందనుకున్నాం. ఇప్పుడేమో డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసులో చేరి నాలుగైదేళ్లు ప్రాసిక్యూటర్‌గా పనిచేస్తానని, ఆ తర్వాత సొంతంగా క్రిమినల్ డిఫెన్స్ ప్రాక్టీసు పెడతానని అంటోంది. ‘ఇన్నాళ్లూ లోపల వేయించి, తర్వాత నువ్వే బయటికి తెస్తావా?’ అని వాళ్ల నాన్న గట్టిగానే అన్నారు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇలా అటు నుంచి ఇటు మారడం మామూలేనా? రూల్స్ ఒప్పుకుంటాయా? ఆదాయం ఎలా ఉంటుంది? పేరు వేయకండి. – ఒక తల్లి

జవాబు: మీ వారి మాటతోనే మొదలుపెడతానండీ. మీ ఇంట్లో గొడవంతా అక్కడే ఉంది కదా.

అమెరికా క్రిమినల్ కోర్టుల్లో అటు నుంచి ఇటు రావడం కొత్తేమీ కాదు. డిఫెన్స్ వైపు కూర్చున్న లాయర్లలో ఒకప్పుడు ప్రాసిక్యూషన్ వైపు కూర్చున్నవాళ్లు చాలామందే ఉంటారు. మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్ మీద నడిచిన హత్య కేసులో డిఫెన్స్ లాయర్‌గా ప్రపంచానికంతా తెలిసిన జానీ కాక్రన్ 1963లో లాస్ ఏంజెలెస్ సిటీ అటార్నీ ఆఫీసులో ప్రాసిక్యూటర్‌గానే మొదలుపెట్టారు. తర్వాత సొంత ప్రాక్టీసు, 1978లో అక్కడి డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసు, ఆపైన మళ్లీ డిఫెన్స్. దీన్ని ఆ వృత్తిలో గోడ దూకడంగా చూడరు.

అయినా మీ వారి ప్రశ్నను కొట్టిపారేయను. ప్రాసిక్యూటర్ అంటే లోపల వేయించేవాడు, డిఫెన్స్ లాయర్ అంటే బయటికి తెచ్చేవాడు అనుకుంటే ఆయన అడిగింది సబబే. కానీ టెక్సస్ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అలా చెప్పదు. ప్రాసిక్యూటర్ మొదటి బాధ్యత శిక్ష వేయించడం కాదు, న్యాయం జరిగేలా చూడటం అని అందులో రాసే ఉంది. అది మరిచిపోతే ఏమవుతుందో చెప్పడానికి మీ రాష్ట్రం కేసే ఒకటుంది. 1986లో మైకేల్ మోర్టన్ అనే ఆయన భార్య హత్యకు గురైంది. నేరం ఆయన మీదే మోపారు, మరుసటి ఏడు యావజ్జీవ శిక్ష పడింది. ఇంట్లో ఉన్న మూడేళ్ల కొడుకు, ఆ పని చేసింది నాన్న కాదని అమ్మమ్మకు చెప్పాడు. ఇంటి వెనక ఎవరో ఆకుపచ్చ వ్యాన్‌లో తచ్చాడాడని ఇరుగుపొరుగు చెప్పారు. ఈ సంగతులు డిఫెన్స్ లాయర్ల చేతికి చేరలేదు. దాదాపు పాతికేళ్లు జైల్లో గడిచాక, 2011లో డీఎన్ఏ పరీక్ష ఆయన్ను బయటికి తెచ్చింది. ఆనాటి ప్రాసిక్యూటర్ ఈలోపు జడ్జి కూడా అయ్యాడు. 2013లో ఆ పదవి వదిలి, లాయర్ లైసెన్సు ఇచ్చేసి, పదిరోజుల జైలు శిక్ష వేయించుకున్నాడు. అదే ఏడాది వచ్చిన మైకేల్ మోర్టన్ చట్టంతో టెక్సస్ ప్రాసిక్యూటర్లు ఫైల్లో ఉన్నదాన్ని డిఫెన్స్‌కు చూపించి తీరాలి.

ఇది ఆయనకు ఎందుకు చెప్పమంటున్నానంటే, డిఫెన్స్ లాయర్ గట్టిగా అడిగేవాడై ఉంటేనే ప్రాసిక్యూటర్ తిన్నగా ఉంటాడు. అవతలి వైపు పనిచేసినవాళ్లకు ఏం అడగాలో తెలుస్తుంది. మీ అమ్మాయి ఆలోచనలో ఉన్న బలం అదే.

ఇక ఆ ఆఫీసులో నాలుగేళ్లు ఏం నేర్పుతాయి? మొదట మిస్‌డిమీనర్ కోర్టులో, అంటే చిన్న నేరాల కోర్టులో వేస్తారు. చిన్న దొంగతనాలు, మందు తాగి బండి నడపడాలు, చేయి చేసుకోవడాలు. అక్కడ కేసుకు ఆరుగురు జ్యూరీ సభ్యులు. కొత్త లాయరు పెద్ద లా ఫర్మ్‌లో చేరితే ఏళ్ల తరబడి జ్యూరీ ముఖం చూడకపోవచ్చు. ఇక్కడ మొదటి ఏడాదిలోనే లేచి నిలబడి మాట్లాడాల్సి వస్తుంది.

ఒక్క డీడబ్ల్యూఐ ఫైలు, అంటే మందు తాగి బండి నడిపిన కేసు తీసుకోండి. కొత్త డిఫెన్స్ లాయర్ ముందు పోలీసు రిపోర్టు చదువుతాడు. ‘తూలాడు, తొమ్మిది అడుగుల పరీక్షలో తప్పాడు’ అని ఉంటుంది, అది మనసులో నాటుకుపోతుంది. ప్రాసిక్యూటర్‌గా అలాంటివి బోలెడు చూసినవాళ్లు ముందు వీడియో పెడతారు. మడమకు వేలు తగిలేలా తొమ్మిది అడుగులు వేసి, తిరిగి, మళ్లీ తొమ్మిది వేయమనడం ఆ పరీక్ష. ఎనిమిది తప్పుల జాబితాలో రెండు కనిపిస్తే చాలు, తప్పినట్టే లెక్క. ఆ నడిచిన చోటు ఏటవాలుగా ఉందా? పక్కన లారీలు దూసుకుపోతున్నాయా? కాళ్లకు చెప్పులా, బూట్లా? ఆఫీసరు సూచనలు పూర్తిగా చెప్పాడా, సగం మింగాడా? ఇవి రిపోర్టులో ఉండవు, బాడీ కెమెరాలో ఉంటాయి. ఏ ఫైల్లో ఏది లోపిస్తే ప్రాసిక్యూటర్‌కు లోలోపల టెన్షన్ పట్టుకుంటుందో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. రక్తపరీక్ష తేదీల మధ్య ఖాళీ ఉందా, సాక్షి ఫోన్ ఎత్తడం మానేశాడా, ఇలాంటివి.

ఇది ఎందుకంత ముఖ్యమంటే, కేసుల్లో చాలా భాగం విచారణ దాకా వెళ్లవు. 2012లో ఇచ్చిన ఒక తీర్పులో అమెరికా సుప్రీంకోర్టే లెక్క చెప్పింది. ఫెడరల్ కోర్టుల్లో పడే శిక్షల్లో 97 శాతం, రాష్ట్రాల్లో 94 శాతం నేరం ఒప్పుకోవడం వల్ల పడేవే. అంటే సినిమాల్లో చూసే వాదనల కంటే ప్లీ బేరసారాలే, అంటే ఏ నేరం ఒప్పుకుంటే ఎంత శిక్ష అన్న మాటలే ఈ వృత్తికి అసలు పని. ‘మా క్లయింటు చాలా మంచివాడండీ’ అంటే ఎదుటివాళ్లు వింటారు, ఫైలు పక్కన పెడతారు. ఏ కాగితం చూపిస్తే ఆఫర్ మారుతుందో, దేనికి సూపర్‌వైజర్ సంతకం కావాలో, ఎప్పుడు అడిగితే పని జరుగుతుందో తెలిసినవాళ్ల మాటకు విలువ వేరు.

ఇప్పుడు నాకు నచ్చని సంగతి. ‘ట్రైనింగ్ కోసం’ ప్రాసిక్యూటర్ కావడం. అక్కడ మీ అమ్మాయి సంతకంతో మనుషుల మీద అభియోగాలు నడుస్తాయి, ఉద్యోగాలు పోతాయి. అది రెజ్యూమెలో ఒక మెట్టుగా మాత్రమే చూసేవాళ్లు అక్కడికి వెళ్లకపోవడమే మంచిది. బాధితుల పక్షాన నిలబడటం కూడా ఆమెకు నిజంగా ఇష్టమైతే వెళ్లాలి. అలా కాక, మనసంతా డిఫెన్స్ మీదే ఉంటే పబ్లిక్ డిఫెండర్ ఆఫీసు తిన్నని దారి. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేనివాళ్లకు ప్రభుత్వమే లాయర్‌ను ఇవ్వాలని 1963లో గిడియన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ పని చేసేది వీళ్లే. కోర్టులో నిలబడే అవకాశం అక్కడా అంతే వస్తుంది. పైగా ప్రాసిక్యూటర్‌కు ఎప్పటికీ రాని ఒక అనుభవం అక్కడ వస్తుంది. క్లయింటు.

దీని గురించి కాస్త చెప్పాలి. ప్రాసిక్యూటర్‌కు ఫైలు ఉంటుంది, ఆ ఫైలు అర్ధరాత్రి ఫోన్ చేయదు. డిఫెన్స్ లాయర్‌కు నిందితుడి తల్లి ఫోన్ చేస్తుంది, భార్య ఫోన్ చేస్తుంది, జైలు నుంచి అతనే చేస్తాడు. సగం నిజం చెబుతాడు, సగం దాస్తాడు. ‘వేరే లాయరైతే ఈపాటికి కొట్టేయించేవాడు’ అంటాడు. మాజీ ప్రాసిక్యూటర్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఇంకో అలవాటు కూడా వాళ్లతో వస్తుంది. అంతా తామే రుజువు చేయాలన్నట్టు వాదించడం. రుజువు చేయాల్సిన భారం ఇప్పుడు తమది కాదని, అనుమానం నిలబెడితే చాలని ఒంటికి పట్టడానికి టైం పడుతుంది. పోలీసు రిపోర్టు కనపడగానే నమ్మేసే చూపు పోవడానికీ అంతే.

రూల్స్ సంగతి సులువు. మారడానికి అడ్డేమీ లేదు. ప్రాసిక్యూటర్‌గా తాను స్వయంగా, చెప్పుకోదగినంతగా పనిచేసిన కేసును మాత్రం తర్వాత డిఫెన్స్ వైపు నుంచి తీసుకోకూడదు. ఆ ఉద్యోగంలో తెలిసిన రహస్య సమాచారాన్నీ వాడకూడదు. అందుకని చేరిన రోజు నుంచే తాను ముట్టుకున్న కేసుల విషయంలో జాగ్రత్తగా ఉండటం మంచిది, చిన్న కౌంటీలో అయితే మరీను. ఇంకొకటి. ‘మాజీ ప్రాసిక్యూటర్’ అని బోర్డు మీద రాసుకోవచ్చు, చాలామంది రాసుకుంటారు. ‘అక్కడ నాకు అందరూ తెలుసు, పని అయిపోతుంది’ అని క్లయింటుకు చెప్పడం మాత్రం వృత్తి నియమాలకు విరుద్ధం. అలా చెప్పే లాయర్ల దగ్గర పనికి చేరొద్దని కూడా మీ అమ్మాయికి చెప్పండి.

డబ్బు. డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసు జీతం, పబ్లిక్ డిఫెండర్ జీతం రెండూ పెద్ద ఫర్మ్ జీతం ముందు చిన్నబోతాయి. ఇక్కడ తల్లిదండ్రులు పట్టించుకోని లెక్క ఒకటుంది, అది విద్యారుణం. ఫెడరల్ లోన్ ఉంటే ప్రభుత్వోద్యోగం చేస్తూ 120 అర్హమైన నెలసరి చెల్లింపులు పూర్తి చేస్తే మిగిలిన అప్పు మాఫీ అయ్యే పథకం 2007 నుంచి ఉంది. ప్రాసిక్యూటర్, పబ్లిక్ డిఫెండర్ ఇద్దరూ దాని కిందకు వస్తారు. సొంత ప్రాక్టీసు రాదు. నాలుగేళ్లకు బయటికి వస్తే కట్టిన నెలల లెక్క చెరిగిపోదు గానీ ముందుకూ కదలదు. అప్పు పెద్దదైతే ‘నాలుగైదేళ్లు’ అన్న మాటను పదేళ్లతో పోల్చి కాగితం మీద లెక్కేయమనండి. మీరే చదివించి అప్పు లేకుండా చేసుంటే ఈ పేరా వదిలేయండి.

సొంత ప్రాక్టీసు మొదటి రోజుల్లో చాలామందికి ఆధారం కోర్టు అప్పగించే కేసులు. ఫీజు తక్కువే, కానీ చేతిలో పని ఉంటుంది. గెలిస్తేనే ఫీజు అన్న పద్ధతి యాక్సిడెంట్ కేసుల్లో చూసుంటారు, క్రిమినల్ కేసుల్లో అది నిషేధం. అందుకే ఫీజు ముందే మాట్లాడుకుంటారు. పని చేయకముందే తీసుకున్న డబ్బు లాయర్ సొంత ఖాతాలో కాక, క్లయింట్ల డబ్బు విడిగా ఉంచే ట్రస్ట్ ఖాతాలో ఉంచాలి. చాలామంది తెలివైన లాయర్లు చిక్కుల్లో పడేది చట్టం తెలియక కాదు, ఈ ఖాతా సరిగ్గా చూసుకోక. టెక్సస్‌లో కనీసం ఐదేళ్ల ప్రాక్టీసు తర్వాత పరీక్ష రాసి క్రిమినల్ లాలో బోర్డ్ సర్టిఫికేషన్, అంటే ఆ రంగంలో నిపుణులన్న గుర్తింపు తెచ్చుకోవచ్చు. నేమ్‌బోర్డు మీద ‘మాజీ’ అని రాసుకోవడం కంటే దానికే నేను ఎక్కువ విలువిస్తాను.

మీ అమ్మాయికి తెలుగు బాగా వస్తే ఇంకో మాట. 2010లో పడిల్లా కేసులో సుప్రీంకోర్టు, నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉందేమో డిఫెన్స్ లాయరు క్లయింటుకు చెప్పి తీరాలంది. వీసా మీద ఉన్న విద్యార్థి దుకాణంలో ఏదో తీసి పట్టుబడ్డాడనుకోండి. టెక్సస్‌లో ‘డిఫర్డ్ అడ్జుడికేషన్’ కింద, అంటే కోర్టు దోషిగా తేల్చడం వాయిదా వేసే పద్ధతిలో తప్పు ఒప్పుకుంటే రాష్ట్ర చట్టం దృష్టిలో శిక్ష పడినట్టు కాదు. ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో మాత్రం అది శిక్ష కిందే వస్తుంది. ‘చిన్న కేసే, సంతకం పెట్టేయ్’ అన్న సలహాతో చదువు, వీసా రెండూ పోవచ్చు. క్రిమినల్, ఇమిగ్రేషన్ రెండూ తెలిసి, ఆ పిల్లాడి తల్లిదండ్రులతో తెలుగులో మాట్లాడగల లాయర్ల అవసరం చాలా ఉంది. మూడో సంవత్సరంలో ఇమిగ్రేషన్ లా కోర్సు తీసుకోమనండి. ఆమెకు సిటిజన్‌షిప్ ఉందో లేదో మీరు రాయలేదు. ఫెడరల్ ప్రాసిక్యూటర్ కావాలంటే సాధారణంగా అమెరికా పౌరసత్వం ఉండాలి, ఆ ఆలోచన కూడా ఉంటే ఇప్పుడే చూసుకోండి.

ఇక చేయాల్సింది. ఈ వేసవి డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసులో ఇంటర్న్‌గా చేరనివ్వండి. మూడో సంవత్సరంలో లా స్కూల్ డిఫెన్స్ క్లినిక్‌లో చేరమనండి. లైసెన్సున్న లాయర్ పర్యవేక్షణలో విద్యార్థులు కోర్టులో నిలబడటానికి టెక్సస్ అనుమతిస్తుంది, అందుకు ఇచ్చే కార్డుకు దరఖాస్తు చేసుకోవాలి. రెండు వైపులా కూర్చున్నాక ఎటు మొదలుపెట్టాలో ఆమెకే తెలుస్తుంది. వాళ్ల నాన్నగారిని ఒక ఉదయం మీ కౌంటీ కోర్టుకు తీసుకెళ్లమని ఆమెకే చెప్పండి. విచారణలు ఎవరైనా కూర్చుని చూడొచ్చు, టికెట్టు లేదు. పొద్దున డాకెట్, అంటే ఆ రోజు కేసుల జాబితా, మొదలయ్యే టైముకు వెళ్తే మేలు, మధ్యాహ్నానికి చాలా కోర్టు గదులు ఖాళీ అయిపోతాయి.