పాత్రను పోషించేది ఎవరు?

సందేహం: నా కథ చదివిన ఒక విమర్శకుడు 'పాత్రపోషణ బలహీనంగా ఉంది' అన్నారు. పాత్రను పోషించేది నటుడు కదా, రచయిత్రినైన నేనెలా పోషిస్తాను? పాత్రచిత్రణ అనాలేమో! రెండూ ఒకటేనా? పనిలో పనిగా, నీళ్లు తాగే పాత్రకూ కథలో పాత్రకూ చుట్టరికం ఏమిటో చెప్పండి.

సమాధానం: చివరిదాన్ని ముందు తేల్చేద్దాం. 'పా' ధాతువుకు తాగడం అని అర్థం. దేనితో తాగుతామో అది పాత్రం. దేన్నైనా పట్టి ఉంచేది, దేనికైనా తగినవాడు అన్న అర్థాలూ దీనికున్నాయి. 'యోగ్యభాజనయోః పాత్రం' అని అమరకోశంలో అమరసింహుడు గిన్నెనూ యోగ్యుణ్ణీ పక్కపక్కన కూర్చోబెట్టాడు. అపాత్రదానంలో ఉన్నది ఆ యోగ్యతే. ఏటి రెండు గట్ల నడిమి జాగా నదీపాత్ర. రంగస్థలానికి వస్తే, కాళిదాసు శాకుంతల నాటకం మొదట్లో వచ్చే ప్రస్తావనలోనే 'ప్రతిపాత్రమాధీయతాం యత్నః' అని వినిపిస్తుంది, ఒక్కొక్క పాత్ర మీదా శ్రద్ధ పెట్టండని. నాటకంలోని ఆ మాటనే మనం కథకూ నవలకూ వాడుకుంటున్నాం. క్యారెక్టర్ అనే మాట జోలికి నేను వెళ్లను, అందులో శీలపరీక్ష కూడా కలిసిపోయింది.

ఇక పోషణ. నటుడు పాత్రను పోషిస్తాడన్నది తిరుగులేని మాట అన్నట్టు మీరు రాశారు. నా అనుమానం సరిగ్గా అక్కడే. నాటకాలవాళ్లు వేషం కడతారు, వేషం వేస్తారు. కాస్త పెద్దమాట కావాలంటే పాత్ర ధరిస్తారు. అందుకే నటుణ్ణి పాత్రధారి అన్నాం గానీ పాత్రపోషకుడు అనలేదు. ఇప్పుడేమో వానలు పంట దిగుబడిలో కీలక పాత్ర పోషిస్తున్నాయి, విటమిన్లు ఆరోగ్యంలో పోషిస్తున్నాయి, చివరికి పుకార్లు కూడా ఏదో ఒక పాత్ర పోషించకుండా ఊరుకోవడం లేదు. ఇంతమంది పోషిస్తున్నా పాపం ఆ మాట మాత్రం చిక్కి శల్యమైంది. 'కారణమైంది', 'తోడ్పడింది' అని రాస్తే పత్రికలకు పోయేదేముంది?

రచయిత పోషణ వేరు. రసపోషణ అన్న మాట మీరు వినే ఉంటారు. బీజంలా ఉన్న భావాన్ని సన్నివేశం వెంట సన్నివేశంగా పెంచి పెద్దచేయడం అది. మనిషి విషయంలో ఆ పని ఎలా చేయాలో చూడాలంటే నేను తిక్కన దగ్గరికే వెళ్తాను. ఆయన ద్రౌపదిని తీసుకోండి.

విరాటపర్వంలో కీచకుడు వెంటపడ్డప్పుడు ఆమె నోట వచ్చిన పద్యం 'దుర్వారోద్యమ బాహువిక్రమ...' అని మొదలవుతుంది. ఒకే సమాసం మొదటి పాదం దాటి రెండో పాదంలోకి దూసుకుపోతుంది. అది పాండిత్య ప్రదర్శన అనుకునేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. ఆమె పరాయి ఇంట పనిమనిషి, ఒంటరిది, భర్తల పేర్లు పైకి చెప్పుకోలేనిది. పక్కన మనిషి లేనిచోట మాటనే అడ్డుగోడగా నిలబెట్టింది. ఆ గోడ కట్టి, ఆఖరున 'కీచకా!' అని నిలువునా పిలిచింది.

అదే ఆమెను ఉద్యోగపర్వంలో చూడండి. కృష్ణుడు రాయబారానికి బయలుదేరబోతున్నాడు. సహదేవుడూ సాత్యకీ తప్ప అందరూ సంధి మాటలే చెబుతున్నారు, భీముడు సైతం మెత్తబడ్డాడు. అప్పుడు ఆమె అంటుంది: 'వరమునఁ బుట్టితిన్, భరతవంశముఁ జొచ్చితి, నందుఁ బాండుభూవరునకుఁ గోడలైతి...' పొందితి, పడసితి, గాంచితి అని ఇంకా సాగుతుంది. పెద్ద సమాసాలతో పనిలేకుండా పొట్టి పొట్టి క్రియలతోనే పద్యం నడిచింది. అన్నిటికీ కర్త తానే. చివర, ఇన్నిటా ప్రశస్తికెక్కినదాన్నని తేల్చింది. ఫిర్యాదు మాట ఒక్కటి కూడా లేదు, అయినా విన్న భర్తలు తలెత్తగలరా? శత్రువు ముందు అంత సంస్కృతం మాట్లాడిన మనిషి అయినవాడి ముందు లెక్క ఒప్పజెప్పినట్టు మాట్లాడింది. 'ఆమెకు కోపం వచ్చింది' అని కవి చెప్పనక్కర్లేకపోయింది. ఈ రెండు పద్యాల నడుమ కీచకుడు నిండు సభలో తన్నడం ఉంది, రాత్రివేళ వంటశాలకు వెళ్లి భీముడి దగ్గర గోడు వెళ్లబోసుకోవడం ఉంది. ఆ మేత లేకపోతే ఈ రెండో పద్యానికి ఇంత బలం ఉండదు.

ధర్మరాజు పోషణా తక్కువదేం కాదు. కీచకుడు తన్నిన ఆ సభలోనే, వంటవాడి వేషంలో ఉన్న భీముడు పెరికి కొట్టేలా చెట్టువైపు చూస్తే, వంటకట్టెల మాట ఎత్తి ఆపాడు. సభకు వినబడింది కట్టెల సంగతి, తమ్ముడికి వినబడింది అన్న ఆజ్ఞ. దాని గురించి ఇంకోసారి రాస్తాను.

కాబట్టి ఒక సన్నివేశంలో మనిషి ఎలా కనిపించాడో చెప్పాలంటే చిత్రణ, కథ పొడవునా ఎలా ఎదిగాడో చెప్పాలంటే పోషణ అనడం నాకిష్టం. ఇది శాసనమేమీ కాదు. రెండింటినీ ఒకే అర్థంలో వాడేవాళ్లలో మంచి విమర్శకులున్నారు, వాళ్లతో నేను తగువు పెట్టుకోను. నటుడు పాత్రను పోషించాడన్నదీ వాడుకలో పాతుకుపోయింది, తప్పని కొట్టేయలేం. నేను మాత్రం రాయను.

మీ విమర్శకుడు ఏ ఉద్దేశంతో అన్నారో కథ చదవకుండా చెప్పలేను. మీ కథలో మనుషులు ఎవరితో మాట్లాడినా, ఎంత జరిగాక మాట్లాడినా ఒకే తీరున మాట్లాడుతుంటే మాత్రం ఆయన సరైన మాటే వాడారు.