కాంకర్డ్‌లో అమ్మానాన్నలకు ఏం చూపించాలి? ఏ ఫలకమైనా కింది వరుస నుంచి చదవండి

అడిగిన ప్రశ్న: అమ్మానాన్న బోస్టన్ వస్తున్నారు, పక్కనే ఉన్న కాంకర్డ్ ఊరు ఒక్క పూటలో అయిపోతుందా, అక్కడి రాళ్లూ ఫలకాల్లో చూసి తీరాల్సినవి ఏవి?

ఒక్క పూటే ఉంటే రచయితల ఇళ్లన్నీ వదిలేయండి. రెండు చోట్లు చాలు: నార్త్ బ్రిడ్జి, ఊరి నడిబొడ్డున గుట్ట మీదున్న పాత శ్మశానం. వంతెన దగ్గరి విగ్రహం పక్కన ఫొటో దిగి, అటు నుంచి అటే వాల్డెన్ చెరువుకి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. 1635లో పుట్టిన ఊరిని అలా చూడటం నాకు నచ్చదు.

కారు లేకపోతే నార్త్ స్టేషన్‌లో ఫిచ్‌బర్గ్ లైన్ రైలెక్కండి. కాంకర్డ్‌లోనే దిగాలి, వెస్ట్ కాంకర్డ్ దాని తర్వాతి స్టేషన్. శని, ఆదివారాల్లో రైళ్లు తక్కువ కాబట్టి తిరుగు రైలు టైము ముందే చూసుకోండి. స్టేషన్ నుంచి మాన్యుమెంట్ స్క్వేర్ దాకా పది పదిహేను నిమిషాల నడక. అక్కణ్ణుంచి వంతెన సుమారు ముప్పావు మైలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లయితే కారులో వెళ్లడమే మేలు, వంతెన ఎదురుగానే పార్కింగ్ ఉంది. అది నేషనల్ పార్కు, టికెట్ లేదు.

ఇక అసలు సంగతి. ఏ ఫలకం ముందు నిలబడ్డా పైనుంచి చదవకండి. ముందు కింది వరుస చూడండి: ఎవరు పెట్టారు, ఏ ఏడు పెట్టారు. ఫలకం చెప్పేది బ్రిటన్ మీద అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైన 1775 గురించే అయినా, మాట్లాడేది మాత్రం దాన్ని నిలబెట్టిన తరం. నార్త్ బ్రిడ్జి దగ్గర ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

పార్కింగ్ నుంచి నడిచి వెళ్తే మొదట ఎదురయ్యేది గ్రానైటు స్తంభం. 1836 అని దాని మీదే ఉంటుంది. బ్రిటిషు దురాక్రమణకు మొదటి సాయుధ ప్రతిఘటన ఇక్కడే జరిగిందని చెక్కారు. ఆ 'మొదటి' అన్న మాట పక్క ఊరు లెక్సింగ్టన్‌కి జవాబు. లెక్సింగ్టన్ వాళ్లు 1799లోనే తమ మైదానంలో స్తంభం నిలబెట్టుకున్నారు. 1775 ఏప్రిల్ 19 తెల్లవారుజామున అక్కడ ఎనిమిది మంది చనిపోయిన మాట నిజం. అయితే ఎదురు తిరిగి, ఆజ్ఞ ప్రకారం కాల్చి, సైన్యాన్ని వెనక్కి తరిమింది మా వంతెన దగ్గరేనని కాంకర్డ్ వాదన. వంతెన దగ్గర ప్రాణాలు పోయిన ఐజక్ డేవిస్, ఆబ్నర్ హోస్మర్ ఇద్దరూ పక్కనున్న యాక్టన్ ఊరి వాళ్లు, అందుకే 1851లో యాక్టన్ కూడా తన స్తంభం కట్టుకుంది. నన్నడిగితే కాంకర్డ్ వాదనే బలమైనది. లెక్సింగ్టన్‌లో జరిగింది చెదిరిపోతున్న జనం మీద కాల్పులు, ఇక్కడ జరిగింది పోరు.

ఇప్పుడు స్తంభం ఉన్న ఒడ్డు గమనించండి. అది తూర్పు ఒడ్డు, అంటే ఆ రోజు బ్రిటిషు సైన్యం నిలబడ్డ వైపు. మన వాళ్లు, అంటే అమెరికా పౌరసేన, నిలబడ్డది అవతలి ఒడ్డున. శత్రువు పడ్డ చోటు ఇదేనని రాయి మీదే రాసుకున్నారు. కారణం మామూలుదే: స్థలం ఇచ్చిన పాస్టర్ ఎజ్రా రిప్లీ భూమి ఈ వైపే ఉంది, వంతెనేమో 1793లోనే తీసేశారు, అవతలికి దారే లేదు. ఎబెనీజర్ హబ్బర్డ్ అనే ఊరి రైతుకి ఇది చివరిదాకా మింగుడు పడలేదు. మన వాళ్లు నిలబడ్డ చోట గుర్తు పెట్టండని వీలునామాలో వెయ్యి డాలర్లు రాసి పోయాడు. వంతెన కట్టడానికీ డబ్బు విడిగా ఇచ్చాడు. ఆ పట్టుదల వల్లే 1875లో, నూరేళ్ల పండుగకి, పడమటి ఒడ్డున మినిట్ మ్యాన్ (పిలిస్తే నిమిషంలో పోరుకి దిగే రైతు సైనికుడు) కంచు విగ్రహం నిలిచింది. ఒక చేత తుపాకి, రెండో చెయ్యి నాగలి మీద. శిల్పి డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్ అప్పటికి పాతికేళ్లు నిండని కుర్రాడు. వాషింగ్టన్‌లో కూర్చున్న లింకన్ విగ్రహం చేసిందీ ఆయనే. కింద పీఠం మీదున్నది రచయిత ఎమర్సన్ పద్యం, 1837లో తూర్పు ఒడ్డు స్తంభం కోసం రాసింది.

మధ్యలో మీరు దాటే వంతెన 1956లో కట్టినది, 2005లో బాగుచేశారు. '250 ఏళ్ల నాటి చెక్క' అని వీడియోల్లో చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు. బ్రిటిషు సైన్యం వస్తోందన్న కబురుతో పాల్ రివియర్ గుర్రం మీద కాంకర్డ్ చేరాడని చెప్పేవాళ్ల మాట అసలే వద్దు. ఆయన్ని లింకన్ అనే ఊరి దగ్గర దారిలోనే బ్రిటిషు వాళ్లు పట్టుకున్నారు, ఆ చోట రాయి కూడా ఉంది. కబురు కాంకర్డ్ దాకా తెచ్చింది డాక్టర్ శామ్యూల్ ప్రెస్కాట్.

స్తంభం పక్కనే గోడ వారగా ఇద్దరు బ్రిటిషు సిపాయిల సమాధి ఉంది, దాటిపోకండి.

శ్మశానానికి తీసుకెళ్లడమేమిటని అమ్మ అనొచ్చు. అయినా ఒప్పించండి. ఓల్డ్ హిల్ శ్మశానంలో గుట్ట ఎక్కి వెనక వైపుకి వెళ్తే జాన్ జాక్ రాయి ఉంటుంది. ఆఫ్రికాలో పుట్టి, ఇక్కడ బానిసగా బతికి, చెప్పులు కుట్టిన సంపాదనతో తన విడుదల తానే కొనుక్కుని, 1773 మార్చిలో చనిపోయిన మనిషి. 'బానిసత్వపు నేలలో పుట్టినా స్వేచ్ఛగా పుట్టాడు, స్వేచ్ఛ ఉన్న నేలలో బతికినా బానిసగా బతికాడు' అని రాయి మీద ఉంది. రాసింది డేనియల్ బ్లిస్, రాజుగారి పక్షపు లాయరు. 1775 మార్చిలో బ్రిటిషు సేనాని జనరల్ గేజ్ పంపిన ఇద్దరు గూఢచారులు దిగింది ఆయన ఇంట్లోనే, తర్వాత ఆయన ఊరు విడిచి పారిపోవాల్సి వచ్చింది. స్వేచ్ఛ గురించి ఊరంతా మాట్లాడుతుంటే, బానిసల మాటేమిటని అడిగింది ఊరు ద్రోహి అన్న మనిషి. ఈ ఒక్క రాయి లేకుండా కాంకర్డ్ కథ సగమే. ఇప్పుడున్నది అసలు రాయి విరిగాక 19వ శతాబ్దంలో చెక్కించిన నకలు.

పాత పలక రాళ్ల మీద అక్షరాలు మొదటి చూపుకి అందవు. ఎండ ఎదురుగా పడితే గాడిలో నీడ ఏర్పడదు, అక్షరం మాయమవుతుంది. పెద్ద అద్దం ఒకటి పట్టుకెళ్లి, ఒకరు పక్కన నిలబడి, వెలుతురు రాతి ముఖాన్ని ఒరుసుకుంటూ పోయేలా వాలుగా తిప్పాలి. మబ్బుగా ఉంటే ఒక ఫోన్ టార్చి రాతి అంచు దగ్గర పక్కగా పట్టి, రెండో ఫోన్‌తో ఫ్లాష్ లేకుండా ఫొటో తీయండి. సుద్ద, షేవింగ్ నురగ, పిండి, తీగ బ్రష్షు ముట్టుకోవద్దు. నురగలోని ఆమ్లాలు రాతి రంధ్రాల్లో మిగిలిపోయి తినేస్తాయి. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దడం చాలా శ్మశానాల్లో నిషేధం. రాయికి ఆనుకోనూ వద్దు, పలక పొరలు పొరలుగా లేస్తుంది.

పైభాగంలో రెక్కల పుర్రె ఉంటే పాతది, రెక్కల ముఖం 18వ శతాబ్దం రెండో సగం, కలశం మీద వాలిన చెట్టు ఉంటే ఇంచుమించు 1790 తర్వాతది. 1752కి ముందు రాళ్ల మీద 1721/2 అని రెండేళ్లు కనిపిస్తే తప్పనుకోకండి. అప్పట్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి జనవరి నుంచి మార్చి దాకా రెండూ వేసేవారు.

ఇంకో గంట మిగిలితే రచయిత థోరో పన్ను కట్టనని 1846 జులైలో ఒక రాత్రి గడిపిన జైలు ఉన్న చోట, స్క్వేర్ దగ్గరే, గుర్తు రాయి చూపించండి. గాంధీగారి మీద ఆ ఆలోచన పనిచేసిందని తెలిసిన నాన్నగారికి అది నచ్చి తీరుతుంది.

ఆ తర్వాత లోవెల్ రోడ్డులో 1636 నాటి భూమి బేరం ఫలకం. ఆరు మైళ్ల చదరం భూమిని ఇండియన్లు, అంటే అక్కడి ఆదివాసులు, శాంతంగా అమ్మారని ఉంటుంది. పెట్టింది 1885లో, ఊరి 250 ఏళ్ల పండుగకి. అదే ఏడు, రెండు నదులు కలిసే చోట ఎగ్ రాక్ అనే బండ మీద మాత్రం, తెల్లవాళ్లు రాకముందు ఈ ఒడ్డున ఉన్నది ఈ భూమి యజమానులైన ఇండియన్లేనని చెక్కారు. వీటిని జంటగానే చదవాలి. ఎగ్ రాక్‌కి చిన్న పడవే మంచి దారి. వసంతంలో నది పొంగితే నడక దారి నీట మునుగుతుంది, పెద్దవాళ్లతో అయితే అప్పుడు లోవెల్ రోడ్డు ఫలకంతో సరిపెట్టుకోండి.