టెక్ సందేహాలు: ‘ఓసారి చూడు బాబూ’ అన్నంత మాత్రాన స్కాన్ చేయొచ్చా?

ప్రశ్న: బీటెక్ ఫైనలియర్ చదువుతున్నాను. మా బాబాయ్ స్నేహితుడికి ఓ ప్రైవేటు కాలేజీ ఉంది. ‘మా వెబ్‌సైట్ సెక్యూరిటీ ఎలా ఉందో ఓసారి చూడు బాబూ’ అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. ఎన్‌మ్యాప్ (సర్వర్‌లో ఏ పోర్టులు, అంటే ద్వారాలు, తెరిచి ఉన్నాయో స్కాన్ చేసే టూల్), బర్ప్ సూట్ (వెబ్‌సైట్ లోపాలు వెతికే టూల్) నడపడానికి ఆ మెసేజ్ సరిపోతుందా?
– ఓ పాఠకుడు, గుంటూరు

సరిపోదు. ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 43 ప్రకారం కంప్యూటర్ యజమాని గానీ, దాని బాధ్యత చూసేవారు గానీ అనుమతి ఇవ్వకుండా అందులోకి వెళ్తే నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. అదే పని మోసపూరితంగా చేశారని తేలితే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, రూ.5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు. అది పోలీస్ స్టేషన్లో మీరు చెప్పుకోవాల్సిన మాట, ముందే చేతిలో ఉండే కాగితం కాదు.

అసలు చిక్కు ఎక్కడంటే, కాలేజీ వెబ్‌సైట్ అంటే ఒక్కరి సొత్తు కాదు. డొమైన్ కాలేజీది. సర్వర్ హోస్టింగ్ కంపెనీది. ఫీజు కట్టే పేజీ పేమెంట్ గేట్‌వేది. అడ్మిషన్ల పోర్టల్ ఏ సాఫ్ట్‌వేర్ వెండర్‌దో అయ్యుంటుంది. కరస్పాండెంట్ గారు తనది కానిదానికి అనుమతి ఇవ్వలేరు. అందుకే ప్రతి సబ్‌డొమైన్‌నూ ముందు ‘డిగ్’ కమాండ్‌తో (ఆ పేరు ఏ సర్వర్‌కు దారితీస్తుందో చూపించేది) చూడండి. జవాబులో సీనేమ్ రికార్డు (ఈ పేరు నిజానికి ఫలానా పేరుకు వెళ్తుందని చెప్పే ఎంట్రీ) వేరే కంపెనీ పేరును చూపిస్తే, ఆ కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకునే దాకా దాన్ని ముట్టుకోవద్దు. ఐపీ అడ్రస్ ఎవరిదో ‘హూఈజ్’లో తెలుస్తుంది. క్లౌడ్‌ఫ్లేర్ (సైట్లకు ముందు నిలబడి కాపలా కాసే సర్వీసు) పేరు కనిపిస్తే మీరు స్కాన్ చేయబోయేది కాలేజీ సర్వర్‌ని కాదు, మధ్యలో ఉన్న వాళ్ల సర్వర్‌ని. షేర్డ్ హోస్టింగ్ అయితే అదే ఐపీ మీద ఇంకెన్నో సైట్లు నడుస్తుంటాయి. అక్కడ పోర్ట్ స్కాన్ జోలికి వెళ్లకపోవడమే మేలు. సైట్ కాపీ ఒకటి వేరే సర్వర్‌లో పెట్టించుకుని దాన్ని పరీక్షించండి. డమ్మీ డేటాతో పెట్టించుకుంటే విద్యార్థుల వివరాలు మీ కంట పడే సమస్యా ఉండదు.

కాగితం ఉన్నా అది సరైన మనిషి ఇచ్చినదై ఉండాలి. 2019 సెప్టెంబరులో అమెరికాలోని అయోవాలో రాష్ట్ర న్యాయశాఖతో ఒప్పందం ఉన్న ఇద్దరు టెస్టర్లు ఓ కోర్టు భవనం భద్రతను పరీక్షించడానికి రాత్రిపూట లోపలికి వెళ్లి అరెస్టయ్యారు. లెటర్ వాళ్ల దగ్గరే ఉంది. కానీ భవనం రాష్ట్రానిది కాదు, కౌంటీది. కేసులు ఎత్తేసేసరికి 2020 జనవరి వచ్చింది.

లెటర్‌హెడ్ మీద, సంతకంతో ఇవి రాయించుకోండి: పరీక్షించాల్సిన డొమైన్లు, ఐపీలు ఒక్కొక్కటీ విడివిడిగా (‘మా సైట్లన్నీ’ అంటే కుదరదు), మొదలుపెట్టే, ముగించే తేదీలు, గంటలు, చేయకూడని పనులు (ముఖ్యంగా సర్వర్‌ను ముంచేసే డీడాస్ లాంటివి, విద్యార్థుల అసలు డేటా డౌన్‌లోడ్ చేయడం), మీరు ఏ ఐపీ నుంచి పరీక్షిస్తారో అది, రాత్రి ఏదైనా తేడా జరిగితే ఫోన్ ఎత్తే మనిషి నంబరు. మీ ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లు పంచుకుంటూ ఉండొచ్చు. అలాంటప్పుడు లాగ్‌లో కనిపించింది మీరో, పక్కింటివాళ్లో తేల్చడం కష్టం. స్థిరమైన ఐపీ ఉన్న సర్వర్ అద్దెకు తీసుకోండి, స్కానింగ్‌కు ఆ కంపెనీ షరతులు ఒప్పుకుంటాయో లేదో చదివాకే.

లెటర్ వచ్చాక అందులోని నంబరుకు కాకుండా, కాలేజీ ఆఫీసు నంబరు మీరే వెతికి ఫోన్ చేసి నిర్ధారించుకోండి. నకిలీ లెటర్ ఇచ్చి పోటీ సంస్థ సైట్ మీదికి ఉసిగొల్పేవాళ్లూ ఉంటారు.

నడిపే రోజు ఇంకో పని ఉంది. అనుమతి ఉన్న ఐపీలన్నీ ఓ ఫైల్‌లో పెట్టి ఎన్‌మ్యాప్‌ని ‘-ఎస్ఎల్’ (ఎల్ క్యాపిటల్), ‘-ఎన్’ ఆప్షన్లతో నడపండి. అది టార్గెట్‌కు ఒక్క ప్యాకెట్టూ పంపదు, జాబితా మాత్రం చూపిస్తుంది. చివరి లైన్లో ఎన్ని అడ్రసులో లెక్క వస్తుంది. లెటర్లో /28 (16 అడ్రసుల వరసకు గుర్తు) ఉంటే 16 రావాలి. 256 వచ్చిందంటే ఎక్కడో /24 (256 అడ్రసుల వరస) అని కొట్టారన్నమాట, మిగతా 240 ఊళ్లోవాళ్లవి. డొమైన్ పేర్లను కూడా ఆ రోజే మళ్లీ ‘డిగ్’ చేయండి. క్లౌడ్‌లో వదిలేసిన ఐపీ ఇంకొకరి చేతికి పోతుంది. బర్ప్‌లో స్కోప్ (అనుమతి ఉన్న సైట్ల హద్దు) పెట్టుకుని, స్కోప్ బయటి రిక్వెస్టులను ఆపేసే ఆప్షన్ ఆన్ చేయండి. లేదంటే క్రాలర్ లింకులు పట్టుకుని ఫీజు పేజీ దాకా వెళ్లిపోతుంది.

ప్రశ్న: ఓ కంపెనీ సైట్‌లో సెక్యూరిటీ.టీఎక్స్‌టీ ఫైల్ కనిపించింది. అంటే టెస్ట్ చేసుకోమని అనుమతి ఇచ్చినట్టేనా?
– ఓ పాఠకురాలు, వరంగల్

కాదమ్మా. లోపం దొరికితే ఎవరికి చెప్పాలో తెలిపే ఫైల్ అది. 2022లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9116 (ఈ ఫైల్ ఎలా ఉండాలో చెప్పే ప్రామాణిక పత్రం) కూడా ఈ ఫైల్ ఉండటాన్ని టెస్టింగ్‌కు అనుమతిగా తీసుకోవద్దనే చెబుతోంది. అందులో ‘పాలసీ’ లింకు ఉంటే తెరిచి చదవండి. ఏ డొమైన్లు స్కోప్‌లో ఉన్నాయి, ఆటోమేటెడ్ స్కానర్లు వాడొచ్చా, నిబంధనలు పాటించినవాళ్ల మీద కేసు పెట్టబోమన్న హామీ ఉందా అన్నవి చూడాలి. ప్రభుత్వ సైట్లో లోపం అనుకోకుండా కంటపడితే తవ్వుకుంటూ వెళ్లకుండా సెర్ట్-ఇన్‌కు (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) తెలియజేయండి. ప్రభుత్వం ‘రక్షిత వ్యవస్థ’గా ప్రకటించినవాటి జోలికి వెళ్తే ఐటీ చట్టం సెక్షన్ 70 కింద పదేళ్ల దాకా శిక్ష ఉంది.

ప్రశ్న: మరి ప్రాక్టీస్ ఎక్కడ చేయాలి?
– ఓ విద్యార్థి, కర్నూలు

మీ ల్యాప్‌టాప్‌లోనే. వర్చువల్‌బాక్స్‌లో (ల్యాప్‌టాప్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) డీవీడబ్ల్యూఏ గానీ, జ్యూస్ షాప్ గానీ, అంటే ప్రాక్టీస్ కోసమే చేసిన సైట్లు, పెట్టుకోండి. నెట్‌వర్క్ సెట్టింగ్ ‘హోస్ట్-ఓన్లీ’లో (మీ ల్యాప్‌టాప్‌కు మాత్రమే కనిపించేలా) ఉండాలి. ‘బ్రిడ్జ్‌డ్’లో పెడితే కావాలని లోపాలతో తయారుచేసిన ఆ మెషిన్ హాస్టల్ వైఫైలో అందరికీ తెరుచుకుంటుంది. ఎన్‌మ్యాప్ స్కాన్ నేర్చుకోవడానికి ఆ ప్రాజెక్టు వాళ్లే ‘స్కాన్‌మీ.ఎన్‌మ్యాప్.ఓఆర్‌జీ’ ఇచ్చారు. రోజుకు నాలుగైదు స్కాన్లు చేసుకోండి, వందలకొద్దీ వద్దు.