నడక కొలవబోయే మా అమ్మికి

అమ్మీ,

ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) థీసిస్‌కి నడక తీసుకున్నావంట, స్పీడు మారేకొద్దీ పాదం కదలిక అడుగుకీ అడుగుకీ ఎంత తేడా వస్తాదో కొలుస్తావంట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కడపలో ఇన్నేండ్లు పడిపోయి తుంటి ఇరిగిన అవ్వల్ని నడిపించినోణ్ణి గదా, గర్వంగా ఉండాది, రొంత దిగులుగానూ ఉండాది.

మార్కర్లు, అదే కెమెరా కదలికని పట్టుకునేదానికి కాలికి పెట్టే చుక్కలు, ప్రతిసారీ అదే చోట అంటించు. ట్రెడ్‌మిల్ మీద మొదటి ఐదారు నిమిషాలు అలవాటుకి వదిలెయ్. స్పీడుల వరస చీటీలేసి తియ్.

అసలు సంగతి ఇది. మా డిపార్ట్‌మెంట్‌లో ముందొక పిల్ల ముసలోళ్లని వాళ్ల స్పీడులో, కాలేజీ పిల్లల్ని వీళ్ల స్పీడులో నడిపించి, ముసలోళ్ల అడుగుల్లో తేడా ఎక్కువుందని, అదంతా వయసు వల్లేనని రాసేసింది. వైవా ముందర సార్ ఒకే మాట అడిగినాడు, ఆ పిల్లల్నే మెల్లిగా నడిపించి చూసినావా అని. చూస్తే ఏముంది, ఇరవై ఏండ్లోళ్లకీ అడుగు టైం అటూ ఇటూ అయితాంది! మెల్లిగా నడిస్తే ఎవరికైనా తేడా పెరుగుతాది, అలవాటైన స్పీడు దగ్గరే తక్కువ. పాపం ఏడ్చుకుంటా అంతా మళ్లీ చేసింది. నువ్వు ప్రతి ఒక్కరినీ వాళ్ల సొంత స్పీడులోనూ, అందరికీ ఒకటే పెట్టిన స్పీడులోనూ నడిపించు, పది అడుగులు చూసి లెక్క కట్టేవు, వందల్లో కావల్ల.

సగటు చూసి మురిసిపోవద్దు. కాలు ముందుకేసేటప్పుడు బొటనవేలు నేలకి ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తులోనే పోతాది, సగటు బాగున్నా ఏదో ఒక్క అడుగు కిందికి దిగితే చాలు, మన ఇండ్లల్లో రొంత లేచిన బండ అంచుకి తగులుకుంటాది. మీ జేజి పడింది అట్లనే. అందుకే అన్నిట్లోకీ తక్కువ ఎత్తులో పోయిన అడుగుల్ని ఇడిగా చూడు.

ఇంగోటి, ఇది మాత్రం నా మాట వినాల్సిందే. రెయిలింగ్ పట్టుకుంటే నడక నిలకడైపోయి కొలత చెడుతాది, పట్టుకోనియ్యకపోతే ముసలోళ్లు పడతారు. పైనుంచి కట్టే సేఫ్టీ బెల్ట్ లేకుండా ఒక్క అవ్వనీ ఎక్కించొద్దు, గైడ్ తొందరపెట్టినా సరే. స్పీడు పెంచేటప్పుడు పక్కన ఒకరు నిలబడల్ల, స్టాప్ బటన్ మీద నీ చెయ్యి ఉండల్ల. బెల్ట్ దొరకకపోతే నాకు ఫోన్ చెయ్, నేను అడిగి చూస్తా, నువ్వు మాత్రం టయానికి తిను.

మీ మామ